మోటారుకారులో పొగ పునఃప్రసరణము: ఇంటివద్ద మరమ్మతు

మోటారుకారు వెనుక గొట్టమునుండి వెడలు వాయువులు పనికిమాలినవనియు, వానిని ఎంత త్వరగా బయటికి నెట్టిన యంత్రమునకు అంత మేలనియు అందరును తలతురు. అయినను నేటి డీజిలు కార్లలో దాదాపు అన్నిటియందును ఈ వాయువులలో కొంత భాగమును మరల యంత్రములోనికే పంపు ఏర్పాటు కలదు. దీనిని నిర్గమవాయు పునఃప్రసరణము అందురు. మెకానిక్కులు ఇ.జి.ఆర్. అను మూడక్షరములతో సరిపెట్టుకొందురు. కారు యజమానికి ఈ పేరు తెలియునది సాధారణముగా దానికి జబ్బు చేసిన నాడే.

వదలివేసిన పొగను మరల లోనికి పంపుట ఎందులకు? గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ఆమ్లజని. ఈ రెండును పక్కపక్కనే ఉండియు మామూలు వేడిమిలో ఒకదానితో నొకటి కలియవు. నత్రజని అణువులోని రెండు పరమాణువులను మూడు బంధములు గట్టిగా పట్టి ఉంచుటయే కారణము. కాని సిలిండరులో ఇంధనము మండునపుడు మంటవద్ద ఉష్ణోగ్రత 2,000 సెంటిగ్రేడు డిగ్రీలను దాటును. అంత వేడిలో ఆమ్లజని అణువులు కొన్ని చీలి విడి పరమాణువులగును. అట్టి పరమాణువు నత్రజని అణువును తాకి నైట్రిక్ ఆక్సైడుగా మారి, ఒక నత్రజని పరమాణువును విడిచిపెట్టును. ఆ నత్రజని పరమాణువు మరియొక ఆమ్లజని అణువుతో కలిసి ఇంకొంత నైట్రిక్ ఆక్సైడును, మరల ఒక విడి ఆమ్లజని పరమాణువును ఇచ్చును. ఇట్లు గొలుసు సాగును. 1940 దశకములో ఈ క్రమమును వివరించినవాడు సోవియట్ శాస్త్రజ్ఞుడు జెల్డోవిచ్. ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. ఈ వాయువు ఇంధనములోని మలినమువలన పుట్టలేదు. వేడివలన గాలినుండియే పుట్టినది. ఇంధనమును ఎంత శుద్ధి చేసినను ఇది తప్పదు. మంట వేడిని తగ్గించుటయే మార్గము.

ఒక చెంబెడు నీటిని మరిగించు కట్టెలతోనే బిందెడు నీటిని కాచినచో అది గోరువెచ్చన మాత్రమే అగును. వేడి అంతే, పంచుకొను నీరు ఎక్కువ. సిలిండరులోనికి తాజా గాలితోపాటు మండిపోయిన వాయువును పంపినపుడు జరుగునది ఇంచుమించు ఇదియే. అందులోని బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి మరల మండవు. పుట్టిన వేడిలో తమ వంతు మాత్రము తీసికొనును. పైగా ఆమ్లజని పాలు కూడ పలుచబడును. మంటవేడి కొంత తగ్గినను నైట్రిక్ ఆక్సైడు పుట్టుక చాలా తగ్గిపోవును, ఏలయన ఆ చర్య వేగము ఉష్ణోగ్రతతో అతి తీవ్రముగా మారునట్టిది. తేలిక బరువుతో నడచుచున్న డీజిలు యంత్రములో పీల్చు వాయువులో సగము వరకు ఇట్టి వాడిన వాయువే ఉండవచ్చును. బలముగా లాగవలసినపుడు మాత్రము ఆమ్లజని కావలెను గనుక దారి మూయబడును. ఈ దారిని తెరచి మూయునది ఒక చిన్న కవాటము. నేటి కార్లలో దానిని విద్యుత్ మోటారు నడుపును. వాయువును ముందుగా చల్లార్చుటకు నీటితో పనిచేయు శీతలకము కూడ ఉండును.

అమెరికాలో 1973 నమూనా కార్లనాటికే ఈ ఏర్పాటు విరివిగా వచ్చినది.

ఇక జబ్బు సంగతి. ఆముదపు దీపముపై పళ్లెము బోర్లించి, పట్టిన మసిని నూనెతో మెదిపి కాటుక చేయుట మన ఇండ్లలో తెలిసినదే. డీజిలు కారు కవాటములో అచ్చముగా అదే జరుగుచున్నది. పొగలో మసి ఉన్నది. యంత్రపు అడుగుభాగమునుండి పీల్చుగొట్టములోనికి వచ్చు గాలిలో నూనె తుంపర ఉన్నది. రెండును కలిసిన చోట నల్లని జిగట పేరుకొనును. అది కవాటమును తెరచిన స్థితిలో పట్టివేసినచో యంత్రము నిలిచియుండి తిరుగునపుడు వణకును, నల్లపొగ వచ్చును, లాగుడు తగ్గును. మూసిన స్థితిలో పట్టివేసినచో యజమానికి ఏమియు తెలియదు. కారు హాయిగా నడచును. ముందు పలకపై ఒక పసుపు దీపము మాత్రము వెలుగును. పరీక్షాయంత్రము తగిలించినచో పి0401 అను సంకేతము కనిపించవచ్చును. వాయుప్రవాహము చాలలేదని దాని అర్థము. దీపము వెలిగినంత మాత్రమున తప్పు కవాటముదే అనరాదు. తీగ తెగినను, పీడనము కొలుచు పరికరము చెడినను ఇదే దీపము వెలుగును.

ఇంటివద్ద చేయదగినది ఈ మసిని కడుగుట. పొగగొట్టపు లోహము చాలాసేపు కాలుచునే ఉండును. రాత్రి నిలిపిన బండిని ఉదయము చూచుట మేలు. మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను తీయవలెను. కవాటమునకు నీటిగొట్టములు తగిలించి ఉన్నచో, లేక నీరు కారినట్లు కనబడకుండగనే రేడియేటరు నీరు తగ్గుచున్నచో పనిని అంతటితో ఆపి మెకానిక్కునకు అప్పగించవలెను. రెండవ సందర్భములో శీతలకము పగిలి ఉండవచ్చును. అట్టి చిక్కు లేనపుడు, గొట్టములు ఉన్నవి ఉన్నట్లుగా ఫోనుతో ఒక ఫోటో తీసికొని, విద్యుత్ ప్లగ్గును దాని కొక్కెము నొక్కి విడదీసి, బోల్టులను విప్పవలెను. తుప్పు పట్టిన బోల్టులకు తుప్పునూనె కొట్టి ఓపిక పట్టుట మంచిది. అల్యూమినియములో విరిగిన బోల్టు ఖర్చు, కవాటము ఖర్చును మించిపోవును. కవాటము ఊడిన వెంటనే ఆ రంధ్రములో శుభ్రమైన గుడ్డ కుక్కవలెను. రాలిన మసిపెళ్లలు యంత్రములోనికి పోరాదు. తిరిగి బిగించునపుడు ఆ గుడ్డను తీయుట మరచినవారు లేకపోలేదు!

మసిని కరగించుటకు కార్బురేటరు శుభ్రపరచు స్ప్రే వాడుదురు. అది చప్పున మండునది, పీల్చిన హాని చేయునది. కనుక ఆరుబయట, చేతితొడుగులు, కళ్లద్దములు ధరించి, దాపున బీడీ నిప్పుకూడ లేకుండ చేయవలెను. కవాటమును మోటారు భాగము పైకి ఉండునట్లు పట్టిన ద్రవము అందులోనికి దిగదు. నైలాను కుంచెతో రుద్దవచ్చును. ఇనుప గీకుడు పనికిరాదు, కవాటము కూర్చుండు అంచున గీత పడినచో వాయువు ఎల్లప్పుడు కారును. బిగిసిన కవాటమును బలవంతముగా కదిలించినచో లోపలి పళ్లచక్రములు విరుగును. నానబెట్టి, తుడిచి, మరల నానబెట్టవలసినదే. మూసిన కవాటమును వెలుతురునకు ఎదురుగా పట్టి చూచిన అంచున సందు కనబడరాదు. పాత గాస్కెట్టును తిరిగి వాడక క్రొత్తది వేసి, బోల్టులను ఒకదాని తరువాత ఒకటి సమముగా బిగించవలెను. కొన్ని కార్లలో కవాటపు మూసిన స్థానమును పరీక్షాయంత్రముతో కంప్యూటరునకు మరల నేర్పవలసి ఉండును. సంకేతమును చెరిపిన పిదప కూడ దీపము తిరిగి వెలిగినచో తప్పు కవాటపు మసిది కాక విద్యుత్తుది కావచ్చును.

ఇంత శ్రమ ఎందులకని కొందరు ఇంకొక ఉపాయము చెప్పుదురు: గాస్కెట్టు ఆకారమున ఒక రేకు కత్తిరించి దారిని శాశ్వతముగా మూసివేయుట. ఇందువలన మసి పట్టదు, లాగుడు బాగుగనే ఉండును. కాలుష్య తనిఖీలోకూడ కారు నెగ్గును. ఏలయన డీజిలు బండికి ఆ తనిఖీలో చూచునది పొగ నలుపును మాత్రమే. నైట్రిక్ ఆక్సైడునకు రంగు లేదు. అది గాలిలో నత్రజని డయాక్సైడుగా మారి, ఎండలో హైడ్రోకార్బనులతో కూడి ఓజోనును పుట్టించుననియు, లాస్ ఏంజెలిస్ నగరమున కళ్లు మండించిన పొగమంచు అట్టిదేననియు 1950 దశకమున హాగెన్-స్మిట్ నిరూపించెను. ఊపిరితిత్తులు బలహీనమైనవారికి ఈ రెండు వాయువులును కీడే.

మన దేశమున డీజిలు కారు కిలోమీటరునకు వదలదగిన నత్రజని ఆక్సైడుల పరిమితి భారత్ స్టేజి-4లో 250 మిల్లీగ్రాములు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన స్టేజి-6లో 80. పది వేల కిలోమీటర్లకు లెక్కించిన మొదటిది రెండున్నర కిలోలు, రెండవది 800 గ్రాములు. రేకు వేసిన కారు ఏ లెక్కలోను ఉండదు. 2015లో బయటపడిన వోక్స్‌వాగన్ వ్యవహారములో కంప్యూటరు కార్యక్రమము పరీక్షశాలలో కాలుష్య నియంత్రణను పనిచేయించి, రోడ్డుపై దానిని సడలించెడిది. ప్రపంచమంతట దాదాపు 1 కోటి 10 లక్షల కార్లలో ఆ కార్యక్రమము ఉన్నది. రేకుముక్క చేయు పని వేరొకటి కాదు.

కవాటమునకు మసి త్వరగా పట్టునది పట్టణములో రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగు బండ్లకే. యంత్రము పూర్తిగా వేడెక్కకమునుపే ఆగిపోవుటవలన జిగట ఆరక పేరుకొనును. అప్పుడప్పుడు పెద్దరోడ్డుపై అరగంటసేపు నడిపిన క్రొత్త మసి పట్టుట మందగించును; గట్టిపడిన పాతమసికి మాత్రము కుంచెయే గతి.