చిగుళ్ల నుంచి రక్తమా? తోమడం మానొద్దు

మనుబోలు: పళ్లు తోమేటప్పుడు రక్తం కనిపిస్తే చాలామంది భయపడి తోమడమే తగ్గించేస్తారు. పొరపాటు అక్కడే. పంటి మొదట్లో పేరుకున్న పాచి వల్ల చిగురు వాస్తుంది, రక్తం దాని గుర్తు. పాచి గట్టిపడి గార అయితే ఇక బ్రష్‌తో పోదు.

మెత్తటి బ్రష్‌తో రోజూ రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమాలి. మిస్వాక్ కూడా మంచిదే. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని వాడకాన్ని ప్రోత్సహించింది. కాకపోతే కొనను నమిలి మెత్తగా చేసుకోవాలి, గట్టిగా రుద్దకూడదు.

జర్దా, గుట్కా, బీడీ మానాల్సిందే. పొగ తాగేవారికి రక్తం తక్కువగా కనిపించి జబ్బు దాగిపోతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, ముదిరితే షుగర్ అదుపు కూడా కష్టమే.

రెండు వారాలైనా రక్తం ఆగలేదా? గూడూరు, నెల్లూరు పోవాలి కదా అని వాయిదా వేయొద్దు. ఈరోజు క్లీనింగ్‌తో పోయేది, రేపు పన్ను ఊడేదాకా వస్తుంది.