కొత్త బ్యాటరీ వేసినా దీపాలు మసకేనా?

మా మిత్రుడొకాయన వారమంతా డేటాబేసులతో కుస్తీ పడతాడు, శని ఆదివారాలు 1966 నాటి పాత కారుతో. ఓ రాత్రి పిల్లల్ని ఎక్కించుకుని వస్తుంటే హైవే మీద హెడ్‌లైట్లు మసకబారి, ఇంజను ఆగినంత పనైంది. మర్నాడు ఫోను.

"బ్యాటరీ మార్చాను, ఆల్టర్నేటర్ మార్చాను. మళ్ళీ అదే గోల, గురూ!"

"వోల్టేజి ఎంతుంది?"

"కొలవలేదు."

లాగ్ చూడకుండా సర్వర్లు మార్చడమంటే ఇదే! ఇరవై డాలర్ల మల్టీమీటర్ పట్టుకుని వెళ్ళాను.

ఇంజను ఆపి ఉన్నప్పుడు, నిండుగా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తుంటే దాదాపు 13.8 నుంచి 14.5. అంతకన్నా తక్కువైతే బ్యాటరీ నిండదు. 15 దాటితే రెగ్యులేటర్ చెడినట్టే, బ్యాటరీ ఉడికిపోతుంది.

ముందు ఫ్యాన్ బెల్టు బిగువు చూశాం, బాగానే ఉంది. తర్వాత హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాన్ వేసి, ఇంజను వేగం కాస్త పెంచి కొలిచాం. ఆల్టర్నేటర్ దగ్గర 14.3, బ్యాటరీ దగ్గర 12.9. అంటే 1.4 వోల్టులు దారిలోనే మాయం! ఆయన వేసిన కొత్త ఆల్టర్నేటర్‌లో రెగ్యులేటర్ లోపలే ఉంటుంది. అది తన గుమ్మం దగ్గరి వోల్టేజి చూసుకుని "అంతా క్షేమం" అనుకుంటుంది. బ్యాటరీ గోడు దానికి వినపడదు.

ఇక దొంగని పట్టాలి. మీటరు ఒక కొన ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద పెడితే 0.2. పరవాలేదు. ఆల్టర్నేటర్ ఒంటి నుంచి ఇంజను దిమ్మకి 1.1! అక్కణ్ణించి బ్యాటరీ నెగటివ్‌కి 0.1. లెక్క సరిపోయింది. అందంకోసం ఇంజనుకి రంగు వేయించినప్పుడు ఆల్టర్నేటర్ బ్రాకెట్‌కీ పూశారు. కరెంటు తిరిగివెళ్ళే దారికి ఆ రంగు అడ్డుపడింది.

"మొన్న ఓమ్స్‌లో చూస్తే సున్నా వచ్చిందే?" అన్నాడు. ఓమ్ మీటరు పంపే కరెంటు అతి స్వల్పం. బోల్టు మర ఒక్కచోట తగిలినా దానికి చాలు. ముప్ఫై ఆంపియర్లు వెళ్ళాల్సినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. యూనిట్ టెస్టు పాసై లోడ్ టెస్టులో కూలిపోయే ప్రోగ్రాములు మనకి కొత్తా?

రంగు గీకి, ఆల్టర్నేటర్ నుంచి ఇంజనుకి విడిగా ఒక మందపాటి ఎర్త్ తీగ వేశాం. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు!

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూడమని పాతకాపులు చెబుతారు. అది డైనమోల కాలం నాటి అలవాటు. 1960లో క్రైస్లర్ వాలియంట్‌తో మొదలై ఆల్టర్నేటర్లు వచ్చేశాయి. వాటిలో ఆ పని చేస్తే వోల్టేజి ఒక్కసారి ఎగసి డయోడ్లు, రెగ్యులేటర్ మాడిపోవచ్చు. కొలిచేటప్పుడు చేతులూ, చొక్కా అంచులూ బెల్టుకి దూరంగా ఉంచండి.

పాత ఆల్టర్నేటర్ ఏమైందంటారా? దుకాణంలో పరీక్ష చేయించాం. నిక్షేపంలా ఉంది!