కృత్రిమ మేధ నిర్ధారణకు పొలమే పరీక్ష

2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన నాటి నుండి ఉన్నత విద్యా సదస్సులలో కృత్రిమ మేధ ప్రధాన చర్చాంశమైంది. చర్చ ఎక్కువగా పరీక్షలలో నకలు చుట్టూ తిరుగుతోంది. వ్యవసాయ విద్యలో అసలు ప్రశ్న వేరు: యంత్రం ఇచ్చిన నిర్ధారణను విద్యార్థి సరిచూడగలడా?

2016లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో 14 పంటలు, 26 తెగుళ్లకు సంబంధించిన 54,306 ఆకుల ఛాయాచిత్రాలను ఉపయోగించారు. వాటిలో పరీక్షకై వేరుచేసిన చిత్రాలను కంప్యూటరు 99.35 శాతం కచ్చితత్వంతో గుర్తించింది. భిన్న పరిస్థితులలో తీసిన చిత్రాల విషయంలో అది సుమారు 31 శాతానికి పడిపోయింది. ఒకే రకమైన నేపథ్యంపై ఉంచిన విడి ఆకు వేరు. ఎండ, నీడ, దుమ్ము నడుమ పైరులోని ఆకు వేరు.

వరిలో జింకు లోపం వలన ఏర్పడే తుప్పు రంగు మచ్చలను గోధుమ రంగు మచ్చ తెగులుగా పొరబడితే, శిలీంధ్రనాశిని ఖర్చు రైతుపై పడుతుంది. లోపం అలాగే మిగులుతుంది. మచ్చలు ఏ ఆకులపై మొదలయ్యాయో, నేల స్వభావమేమిటో పొలంలో దిగి చూసినవారికే తెలుస్తుంది.

కనుక గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ప్రతి విద్యార్థి యంత్రం చెప్పినది, తాను పొలంలో గమనించినది, ఆ రెండింటి మధ్య తేడాకు కారణం నమోదు చేయాలి. అధిక మార్కులు మూడవ అంశానికే కేటాయించడం సముచితం.