ఎవరి మాట వారిదే: కంప్యూటరులో ఉల్లేఖనాలను అమర్చే విధానం

1860 మొదలు 1911 వరకు గిర్మిట్ మీద నేటాలుకు వచ్చిన మన పెద్దల సంగతులు వ్రాసేటప్పుడు, వారి నోటి మాటలు, పాత ఉత్తరాలు, పాటలు, ఓడ జాబితాలలోని వివరాలు ఉదహరిస్తాము. ఇలా ఉదహరించిన భాగమే ఉల్లేఖనం. దానిని కంప్యూటరులో సరిగా అమర్చడం తెలియక నేను చేసిన తప్పును ముందుగా చెప్పుకుంటాను.

కొన్ని సంవత్సరాల క్రితం మా అమ్మమ్మ చెప్పిన చెరకుతోట జ్ఞాపకాలను టైపు చేసి ఒక సంచికకు పంపాను. ఆమె మాటలు వేరుగా కనబడాలని ప్రతి పంక్తి ముందు స్పేస్ బార్ నొక్కి ఖాళీలు పెట్టాను. నా తెర మీద చక్కగానే ఉన్నది. అచ్చులో అక్షరాల సైజు, పుట వెడల్పు మారేసరికి పంక్తులు చెదిరిపోయి, ఆ ఖాళీలను తీసివేయవలసి వచ్చింది. ఆమె మాటలూ నా మాటలూ ఒకే పేరాలో కలిసిపోయాయి. "కష్టపడినా వారు సంతోషంగానే బ్రతికారు" అని నేను వ్రాసిన వాక్యం అమ్మమ్మ అన్నట్లుగా అచ్చయింది. మా పెద్దమ్మ అది చదివి, "మా అమ్మ ఆ మాట ఎప్పుడన్నదిరా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. అమ్మమ్మ అప్పటికే కాలం చేసింది.

కావున ఈ క్రింది పద్ధతులు గమనించ ప్రార్థన.

1. ఉల్లేఖనం ఒకటి రెండు పంక్తులే అయితే వాక్యంలోనే కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. అంతకంటే పెద్దదైతే వేరే పేరాగా పెట్టి, రెండు వైపులా లోపలికి జరపాలి. అప్పుడు కొటేషన్ గుర్తులు అక్కరలేదు.

2. ఖాళీలతో జరపరాదు. వర్డ్‌లో ఆ పేరాలో కర్సరు ఉంచి, కంట్రోల్, ఎమ్ మీటలు కలిపి నొక్కితే ఎడమ అంచు మొత్తం లోపలికి జరుగుతుంది. కుడి అంచుకు పైనున్న రూలరు కుడి కొనలోని గుర్తును లోపలికి లాగాలి. ఉల్లేఖనాలు చాలా ఉంటే ‘కోట్’ అనే స్టైలు వాడండి. స్టైలును ఒకసారి మార్చితే అన్నీ మారుతాయి.

3. ఆ స్టైలు అక్షరాలను వాలుగా చేస్తుంది. తెలుగు ఫాంట్లలో చాలావాటికి వాలు అక్షరాలు ప్రత్యేకంగా తయారుచేయలేదు. కంప్యూటరే నిలువు అక్షరాన్ని వంచుతుంది. గుణింతాలు, వత్తులు చదవడం కష్టమవుతుంది. కనుక స్టైలులో ఇటాలిక్ తీసివేయండి. పంక్తుల మధ్య వత్తులకు తగినంత చోటు ఉంచండి.

4. పాట అయితే ప్రతి పాదం చివర షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కండి. పేరా ఎడమకే సరిచేసి ఉండాలి. రెండంచులూ సమం చేసే ‘జస్టిఫై’ వాడితే పొట్టి పాదాలు సాగిపోయి మాటల మధ్య పెద్ద ఖాళీలు వస్తాయి.

5. మన భాషలో ఒకరి మాట ముగిసిందని తెలిపేది ‘అని’. ఆ ‘అని’ వ్రాసేవారిది, చెప్పినవారిది కాదు. పెద్ద ఉల్లేఖనం క్రింద అది ఒంటరిగా మిగిలితే చదువరి తికమకపడతాడు. అందుచేత ముందే "అమ్మమ్మ ఇలా చెప్పింది:" వంటి వాక్యం పెట్టి, ఉల్లేఖనం ముగిశాక మీ మాటను మామూలు అంచుతో కొత్త పేరాగా ప్రారంభించండి.

6. ఉల్లేఖనంలో మాట మార్చరాదు. ఓడ జాబితాలలో మన పేర్లు, ఊర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో వంకరగా పడి ఉంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్లే వ్రాసి, సరియైన రూపాన్ని చదరపు బ్రాకెట్లలో చూపండి. వదిలిన చోట మూడు చుక్కలు పెట్టండి. పెద్దల ఇంటి తెలుగును పుస్తకాల తెలుగుగా దిద్దవద్దు. తరగతులలో తెలుగు నేర్చుకున్నవాణ్ణి గనుక, దిద్దాలనే కోరిక నాకూ కలుగుతూనే ఉంటుంది.

ఆ వ్యాసాన్ని ఈ విధంగా మళ్ళీ టైపు చేసి పెద్దమ్మకు ఇచ్చాను. ఆమె పుట మీద వేలు పెట్టి, "ఇందాక మా అమ్మ. ఇక్కడినుండి నువ్వు" అన్నది. మీ ఇంటి పెద్దల మాటలను కూడా ఇలాగే, వారివి వారివిగా కనబడేటట్లు అమర్చి పత్రికకు పంపగలరు.