సర్వరుకు కాపలా

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున లక్షలాదిమంది విద్యార్థులు తమ హాల్‌టికెట్ సంఖ్యను కంప్యూటరులో నమోదుచేసి, మార్కుల కోసం ఆతురతతో నిరీక్షిస్తారు. ఆ సంఖ్యను ఎక్కడో దూరాన అందుకొని, తనలోని పట్టికల్లో వెదకి, సమాధానం పంపే కంప్యూటరునే సర్వరు అంటారు. అడిగినవారందరికీ సేవ చేయడమే దాని వృత్తి. మన ఇంటి కంప్యూటరును ఎవరి కంటా పడకుండా ఉంచుకోవచ్చు గాని, తలుపులన్నీ మూసుకొన్న సర్వరు వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. తలుపు తెరిచే ఉండాలి. దొంగ మాత్రం రాకూడదు. సర్వరు రక్షణలోని చిక్కంతా ఇదే.

ఈ రక్షణలో మొదటి సాధనం ఫైర్‌వాల్. సర్వరుకూ బయటి ప్రపంచానికీ మధ్య రాకపోకలు పోర్టులనే ద్వారాల గుండా సాగుతాయి. వీటి సంఖ్యలు 65,535 వరకు ఉన్నాయి. వెబ్‌సైటు చూడవచ్చేవారికి 443వ పోర్టు, దూరం నుండి సర్వరును నిర్వహించేవారికి సాధారణంగా 22వ పోర్టు ఉపయోగపడతాయి. అవసరమైన ఒకటి రెండింటిని తప్ప తక్కినవన్నీ మూసివేసి, నిర్వాహకుల ద్వారంలోకి వారి కార్యాలయం నుండి వచ్చినవారినే అనుమతించడం ఫైర్‌వాల్ పని. అయితే తెరిచి ఉన్న ద్వారం గుండా వచ్చేవాడి మనసులో ఏముందో సామాన్యమైన ఫైర్‌వాల్‌కు తెలియదు. 1687లో ఔరంగజేబు సైన్యం సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినా గోల్కొండ కోట లొంగలేదు. చివరకు లోపలివారి ద్రోహంతో రాత్రివేళ ఒక ద్వారం తెరుచుకోగా కోట శత్రువశమైంది.

2017లో అమెరికాలోని ఈక్విఫాక్స్ సంస్థకు జరిగింది ఇంచుమించు ఇటువంటిదే. కాని అక్కడ తలుపు తెరిచింది ద్రోహం కాదు, అశ్రద్ధ. ప్రజలు తీసుకొన్న అప్పులు, వాటిని తీర్చిన తీరు మొదలైన వివరాలను సేకరించి బ్యాంకుల వంటి సంస్థలకు అందించడం దాని వ్యాపారం. ప్రజల ఫిర్యాదులను స్వీకరించే దాని వెబ్‌సైటు ఒకటి అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌పై నడిచేది. ఆ సాఫ్ట్‌వేర్‌లో తీవ్రమైన లోపం ఉందని, దానికి సవరణ కూడా సిద్ధమైందని మార్చి నెలలోనే లోకానికి వెల్లడైంది. ఆ వెబ్‌సైటుకు మాత్రం సవరణ జరగలేదు. మే నెలలో చొరబాటుదారులు ప్రజల కోసం తెరిచి ఉంచిన ఆ ద్వారం గుండానే ప్రవేశించారు. ఏ మరుగూ లేకుండా రాసిపెట్టిన సంకేతపదాలు లోపల వారికి దొరికాయి. వాటి సాయంతో, ఆ వెబ్‌సైటుతో సంబంధమే లేని మరో 48 సమాచార నిధులను తెరిచారు. రాకపోకలను పరిశీలించే పరికరం లేకపోలేదు. కాని దానికి అవసరమైన డిజిటల్ ధ్రువపత్రం గడువు నెలల క్రితమే తీరిపోయినందువల్ల, గుప్తలిపిలో సాగిపోతున్న సమాచారాన్ని అది చదవలేకపోయింది. జూలై 29న కొత్త ధ్రువపత్రం అమర్చగానే అనుమానాస్పదమైన రాకపోకలు బయటపడ్డాయి. అప్పటికే దాదాపు 14 కోట్ల 70 లక్షలమంది వివరాలు చోరీ అయ్యాయి. సంకేతపదం పోతే మార్చుకోవచ్చు; పుట్టినతేదీని మార్చుకొనేదెలా?

దొంగ లోపలికి వచ్చినా అతని చేతికి అర్థంలేని అక్షరాలే దక్కేటట్లు చేసేది ఎన్‌క్రిప్షన్, అనగా గుప్తీకరణ. ప్రయాణంలో ఉన్న సమాచారానికీ, డిస్కులో నిలువ ఉన్న సమాచారానికీ కూడా ఇది అవసరమే. తాళంచెవిని తాళం పక్కనే వేలాడదీయరాదన్న జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది. సంకేతపదాల విషయంలో మరింత కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. మినపపప్పును రుబ్బి పిండి చేయవచ్చు గాని, పిండి నుండి పప్పును తిరిగి తీయలేము. అదే విధంగా ఒకవైపే నడిచే గణితప్రక్రియతో సంకేతపదాన్ని గుర్తుపట్టరాని అక్షరమాలికగా మార్చి, దానినే భద్రపరుస్తారు. ఇద్దరి సంకేతపదాలు ఒకటే అయినా ఫలితం వేరుగా ఉండేందుకు, ముందుగా ఒక్కొక్కరికి కొన్ని వేరువేరు అక్షరాలను చేరుస్తారు. ఇంజనీర్లు దీనికి పెట్టిన పేరు సాల్ట్, అంటే ఉప్పు!

ఇక ప్రవేశాధికారాల నియంత్రణ. లినక్స్ సర్వరులో రూట్ అనే ఖాతాకు సర్వాధికారాలూ ఉంటాయి. నిత్యకృత్యాలకు దానిని వాడరాదు. ఫలితాలు చూపే ప్రోగ్రాముకు మార్కులు చదివే హక్కు చాలు, దిద్దే హక్కెందుకు? నిర్వాహకులు సంకేతపదంతోపాటు రెండవ ఆధారం కూడా చూపాలి. ఉద్యోగం మానినవారి ఖాతా ఆనాడే రద్దు కావాలి. ఇదంతా విసుగు పుట్టించే పని. గుర్తింపు తెచ్చే పనీ కాదు. అందుచేతనే ఎక్కువగా వాయిదా పడుతూ ఉంటుంది. ఈక్విఫాక్స్ ఫిర్యాదుల వెబ్‌సైటు నడవడానికి కావలసినవి కేవలం మూడు సమాచార నిధులు. దానిని ఆ మూడింటికే పరిమితం చేసి ఉంటే, తక్కిన 48 తలుపులు అంత సులభంగా తెరుచుకొనేవి కావు. 2019లో ఆ సంస్థ కనీసం 57 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది.