తూము గోడలో తీర్థంకరులు

ఆదివారం మొయినాబాద్ రోడ్డు మీద కార్లు బారులు తీరుతాయి. కొన్ని చిలుకూరు బాలాజీ గుడికి, కొన్ని చేవెళ్ల దాకా పరుచుకున్న ఫామ్‌హౌస్‌లకు. ఈ తోటల్లో కొత్త మోజొకటి పట్టుకుంది. పచ్చికలో రాతి బుద్ధుడు ఉండాలి, వరండాకు ఎవరి పాత ఇంటివో టేకు స్తంభాలు ఉండాలి, గంగాళంలో తామరపూలు ఉండాలి. తాతల ఇల్లు కూలగొట్టి, పక్కవాళ్ల తాతల తలుపులు కొనుక్కోవడం మనకే చెల్లింది!

అసలైన శిల్పాల తోట మాత్రం కంచె బయటే ఉంది. మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో చెరువు తూముకు కట్టిన రాళ్లలో రెండు జైన స్తంభాలు బయటపడ్డాయి. ఒకటి గ్రానైటు, ఒకటి నల్లరాయి. నలుపలకలా ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు ధ్యానంలో కూర్చున్నారు. తెలుగు-కన్నడ లిపిలో శాసనాలూ ఉన్నాయి కానీ, రాళ్లు గోడలో ఇరుక్కుపోవడంతో పూర్తిగా చదవడం కుదరలేదు. పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి వీటిని 9, 10 శతాబ్దాల నాటివని తేల్చారు. రాష్ట్రకూటుల, వేములవాడ చాళుక్యుల కాలంలో చిలుకూరు పేరున్న జైన కేంద్రం. ఈరోజు వీసా కోసం బాలాజీకి మొక్కుకునేవాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసు?

తూముకు వాడినవాళ్లను తిట్టాల్సిన పని లేదు. గుడి పాడుబడింది, చెక్కిన రాయి దొరికింది, చెరువుకు పనికొచ్చింది. నిజానికి అవి ఏ దళారి కంటా పడకుండా కాపాడింది ఆ తూమే.

దళారి కంట పడితే ఏమవుతుందో కోస్తాకు బాగా తెలుసు. ప్రకాశం జిల్లా చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి బుద్ధుని ఆరాధకుల శిల్పఫలకం 2001లో చోరీ అయింది. 2005లో న్యూయార్క్ వ్యాపారి ద్వారా ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. పాత ఫొటోలు సాక్ష్యంగా నిలిచాయి కాబట్టే 2016లో తిరిగొచ్చింది. ఫొటో లేని రాయి తిరిగిరాదు.

పాతవస్తువుల దుకాణానికి వెళ్లొద్దని కాదు. ఇత్తడి కొప్పెరలు, గుండిగలు చూస్తూ పూట గడిపేయొచ్చు. కాకపోతే కళ్లు తెరిచి కొనండి. మెరిసే ఇత్తడి బూరతో ‘వందేళ్ల నాటిది’ అని చూపించే గ్రామఫోన్లలో చాలా వరకు ఈమధ్య బిగించినవే. నిజంగా నూరేళ్లు దాటిన వస్తువైతే అక్కడ చట్టం నిలబడి ఉంటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. రాతి శిల్పమైతే కొన్నవాడు రిజిస్టర్ చేయించుకోవాలి. దేశం దాటించడం నేరం. కట్టడం నుంచి ఊడదీసిన భాగాలూ ఈ చట్టం కిందికే వస్తాయి. లైసెన్సు అడగ్గానే దుకాణదారు మాట మారిస్తే ఇంటికి వచ్చేయడం మేలు.

ఆరుబయట శిల్పాలు చూడాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఆవరణ ఉంది, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఉంది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తరలించి అలంపురంలో తిరిగి నిలబెట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. రాళ్లను ఊరు దాటించక తప్పనప్పుడు ఎలా దాటించాలో అక్కడ నేర్చుకోవచ్చు. ఎనికేపల్లి స్తంభాలకు ఆ అవసరం లేదు. తూముకు వేరే రాయి పెట్టి, వీటిని ఊళ్లోనే పీఠం మీద నిలిపి, పక్కన నాలుగు వాక్యాల బోర్డు రాస్తే చాలు.

ముడిమ్యాల వైపు గానీ, చేవెళ్ల చుట్టుపక్కల మరే ఊరికి గానీ వెళ్తే గుడి ముందు, చెట్టు కింద, చెరువు కట్ట మీద ఒకసారి ఆగి చూడండి. వీరగల్లో, నాగశిలో, అక్షరాలున్న బండో కనిపిస్తే సున్నం గీకకండి, నూనె పూయకండి, కదిలించకండి. ఫొటో తీసి సర్పంచికి, తహసీల్దారుకు, రాష్ట్ర వారసత్వ శాఖకు పంపండి.