ఉమ్మడి ఫైళ్లు, పాతబడిన ప్రతులు

విద్యానగర్ నుంచి ఉస్మానియా ప్రాంగణం దాటి తార్నాక మీదుగా ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే హైదరాబాద్ విజ్ఞాన చరిత్రలో పెద్ద భాగం కళ్ల ముందు నిలుస్తుంది. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం, పరిశోధన సంస్థలైన 1944 నాటి ఐఐసీటీ, 1961 నాటి ఎన్‌జీఆర్‌ఐ, 1977 నాటి సీసీఎంబీ అన్నీ ఈ దారిలోనివే. అణువుల నమూనాలు, భూకంప తరంగాలు, జన్యుక్రమాలు: ఇలాంటి డేటా ఒక్క కంప్యూటర్‌తో తేలేది కాదు. అందుకే పరిశోధనశాలల్లో ఫైళ్లను సర్వర్‌లో ఉంచి, అనేక యంత్రాలు పంచుకునే ఏర్పాటు చేస్తారు. ప్రతి యంత్రమూ తాను చదివినదాన్ని తన దగ్గర దాచుకుంటుంది. ఆ దాపుడు ప్రతే క్యాష్. పనిలో వేగం దానివల్లే వస్తుంది, చిక్కులూ అక్కడే మొదలవుతాయి.

ఒక చిక్కును దగ్గరగా చూద్దాం. ఒక యంత్రం లెక్క ముగించి ఫలితాన్ని సర్వర్‌లో రాసింది. ఆ ఫైల్ కోసం పక్క యంత్రంలో కాచుకుని ఉన్న ప్రోగ్రాం మాత్రం ‘అలాంటి ఫైల్ లేదు’ అని ఆగిపోయింది. కారణం ఏమిటంటే, కాసేపటి క్రితం అడిగినప్పుడు వచ్చిన ‘లేదు’ అన్న జవాబు కూడా క్యాష్‌లో చేరింది. ఇలా ఫైళ్లను పంచుకునేందుకు లినక్స్‌లో ఉన్న ఎన్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతి మామూలు అమరికలో ఫైల్ వివరాలను 3 నుంచి 60 సెకన్లు, డైరెక్టరీ వివరాలను 30 నుంచి 60 సెకన్లు నమ్ముతుంది. ఆ గడువు తీరేదాకా కొత్త ఫైల్ కనబడకపోవచ్చు. జన్యుక్రమ విశ్లేషణలో విరివిగా వాడే స్నేక్‌మేక్ అనే ప్రోగ్రాంలో ‘లేటెన్సీ వెయిట్’ అనే అమరిక పెట్టింది ఇందుకే. ఏమీ మార్చకపోతే అది ఆగేది 5 సెకన్లే. డైరెక్టరీ గడువు తెలిసినవాళ్లు దాన్ని 60కి పెంచుకుంటారు.

నోట్స్‌ను జిరాక్స్ తీయించుకున్నాక పంతులుగారు అసలు ప్రతిలో దిద్దితే, ఆ సంగతి జిరాక్స్ ఉన్నవాళ్లకు తెలిసేదెలా? తామే వెళ్లి అడగాలి, లేదా ఆయనే కబురు పెట్టాలి. ఎన్‌ఎఫ్‌ఎస్‌ది మొదటి దారి: ఫైల్ తెరిచినప్పుడు సర్వర్‌ను అడుగుతుంది, మూసినప్పుడు మార్పులు పంపుతుంది. కార్నెగీ మెలన్‌లో తయారైన ఆండ్రూ ఫైల్ సిస్టమ్ కూడా మొదట్లో తెరిచిన ప్రతిసారీ అడిగేది. సర్వర్‌కు వచ్చే పిలుపుల్లో 60 శాతానికి పైగా ఇలాంటి వాకబులే అని కొలతల్లో తేలింది. ఐఐటీ మద్రాసులో చదివిన మహదేవ్ సత్యనారాయణన్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఈ సంగతి ఉంది. దాంతో వాళ్లు రెండో దారికి మళ్లారు. ఫైల్ మారితే తానే కబురు చేస్తానని సర్వర్ మాట ఇస్తుంది. దీన్నే కాల్‌బ్యాక్ అంటారు.

నాకు ఎంతో నచ్చిన ఆలోచన ఇది. అయితే ఆ మాట నిలబడాలంటే కబురు చేరాలి. యంత్రం నెట్‌వర్క్ అడ్రసు మార్చే నాట్ వెనకో ఫైర్‌వాల్ వెనకో ఉండి సర్వర్ పిలుపు లోపలికి రాకపోతే, పాత ప్రతే తాజాదనుకుని పని సాగిపోతుంది. అందుకే మాటకు గడువు పెట్టాలన్నారు 1989లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్యారీ గ్రే, డేవిడ్ చెరిటన్. ‘లీజు’ అన్న ఆ పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్‌లో కొనసాగుతోంది.

ఫైల్ పాతదిగా కనబడగానే క్యాష్‌ను పూర్తిగా కట్టేయడం తరచూ సూచించే వైద్యం. ‘నోయాక్’ అమరిక పెడితే ప్రతి చిన్న ప్రశ్నకూ సర్వర్ దాకా వెళ్లాలి, రాతలు కూడా వెంటనే సర్వర్‌కు చేరాలి. లాబ్‌లోని యంత్రాలన్నిటికీ అలా పెడితే ఒకరి ఇబ్బంది అందరిదీ అవుతుంది. ఇది సరైన వైద్యం కాదని నా నమ్మకం. చిక్కు ఒక ఫైల్‌దైతే ఆ ఫైల్ వరకే చూడాలి. ఆండ్రూలో ‘ఎఫ్‌ఎస్ ఫ్లష్’ ఆ ఒక్క ప్రతినే తీసేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ‘లేదు’ అన్న జవాబే అడ్డమైతే ‘లుకప్‌క్యాష్’ అమరికను ‘పాజిటివ్’ చేస్తే సరిపోతుంది.

చదవడంలో చిక్కు కంటే రాయడంలో చిక్కు ప్రమాదకరం. ప్రోగ్రాం రాసిన డేటా కొంతసేపు యంత్రం మెమరీలోనే ఉండవచ్చు. సర్వర్‌లో తనకు కేటాయించిన కోటా నిండిందన్న సంగతి రాసేటప్పుడు కాక, ఫైల్ మూసేటప్పుడు బయటపడవచ్చు. ఫైల్‌ను మూసే ‘క్లోజ్’, డేటాను సర్వర్‌కు చేర్చే ‘ఎఫ్‌సింక్’ ఇచ్చే జవాబును చూడని ప్రోగ్రాం పని విజయవంతమైందని చెప్పి ముగిసిపోతుంది, సర్వర్‌లో మాత్రం సగం ఫైలే ఉంటుంది. ఫలితాన్ని తాత్కాలిక పేరుతో రాసి, ‘ఎఫ్‌సింక్’ జవాబు సరిగా వచ్చాకే అసలు పేరుకు మార్చడం విద్యార్థులకు మొదటి ఏడాదిలోనే నేర్పాలి. అప్పుడు పక్క యంత్రానికి ఆ పేరుతో దొరికేది పాత ఫైల్ కావచ్చు, కొత్త ఫైల్ కావచ్చు, సగం రాసిన ఫైల్ మాత్రం కాదు.